అందరి ఆపా

ఆపా పోయిందని ఫోను వచ్చేసరికి నేను ఏడో తరగతి పిల్లలకు సంధులు చెబుతున్నాను. చేసింది ఆపా దుకాణంలో పనిచేసే శిరీష. "అక్కా, ఆపా ఇక లేరు. నా చేతుల్లోనే పోయారు," అంది. మొదటి మాట నా తలకెక్కడానికి చాలాసేపు పట్టింది. రెండో మాట మాత్రం వెంటనే గుచ్చుకుంది. తన చేతుల్లోనే పోయారట.

బడి నుంచి ఆటోలో వెళ్తున్నంతసేపూ నాకు ఏడుపు రాలేదు. ఆ సమయానికి పక్కన శిరీష ఎందుకుంది, నేనెందుకు లేను అన్నదొక్కటే ఆలోచన. మనిషి పోయిన రోజున అలా ఆలోచించకూడదని తెలుసు. తెలిసీ అదే ఆలోచించాను. ఆమె మీద నాకెంత ప్రేమో, ఆమె చుట్టూ చేరినవాళ్ల మీద అంత అసూయ. ఆ రెంటినీ విడదీసి రాయడం నాకు చేతకాదు.

ఆపా అంటే ఉర్దూలో అక్క. వాళ్లింట్లో కూడా తెలుగే మాట్లాడుకునేవాళ్లు గాని ఆ పిలుపు ఒక్కటి అలాగే నిలిచిపోయింది. ఆమెకంటే వయసులో పెద్దవాళ్లు, వాళ్ల మతం కానివాళ్లు, బాకా ఊదేవాళ్ల దగ్గర్నుంచి బ్యాంకు మేనేజరు దాకా అందరూ ఆపా అనే పిలిచేవారు. జగ్గయ్యపేటలో ఆమెకు షామియానా సామాన్ల దుకాణం ఉండేది. పెళ్లికైనా, చావుకైనా, రాజకీయ సభకైనా గుడారాలూ, కుర్చీలూ, వంటపాత్రలూ, పరుపులూ అక్కడి నుంచే వెళ్లేవి. భర్త పెట్టిన వ్యాపారం. ఆయన పోయాక ఆమే చూసుకుంది. ఆయన నడిపే ట్రాలీ ఆటో కూడా తనే నేర్చుకుని నడిపింది. పొట్టి మనిషి. సీటు మీద ఒక దిండు వేసుకుని, చీర కొంగు తలమీదుగా తెచ్చి చెవి వెనక దోపుకుని కూర్చునేది. రోడ్డు మీద కుక్క అడ్డం వస్తే బండి ఆపి, అది దాటి అవతలి గట్టుకు చేరేదాకా చూసి గాని కదిలేది కాదు. వెనక ఎన్ని హారన్లు మోగినా ఆమెకు పట్టేది కాదు.

కింద గోడౌను, వెనక వైపు ఆమె ఇల్లు, పైన ఒక గది. ఆ గదిలో, ఇంట్లో దెబ్బలు పడలేక బయటికొచ్చిన ఆడవాళ్లు ఉండేవారు. కొందరు వారం, కొందరు నెలలు. దానికి బోర్డు లేదు, పేరు లేదు. ప్రభుత్వాసుపత్రిలో నర్సుకి తెలుసు, పోలీస్ స్టేషన్లో ఉన్న లేడీ కానిస్టేబుల్‌కి తెలుసు, నందిగామ కోర్టులో ఒక ఆడ వకీలుకి తెలుసు. వాళ్లు పంపేవాళ్లు. ఆపా ఉంచుకునేది. దెబ్బలుంటే ఆసుపత్రికీ, కేసు వెయ్యాలంటే వకీలు దగ్గరికీ తనే బండిలో తీసుకెళ్లేది.

నన్ను ఎవరూ పంపలేదు. ఆపాయే నన్ను చూసింది. ఆ సంగతి మీద నాకు చాలాకాలం గర్వం ఉండేది.

నా భర్తకు నందిగామలో పురుగుమందుల దుకాణం. రైతులతో మెత్తగా మాట్లాడతాడని పేరు. ఇంట్లో అతనికి ఉన్నది ఒక్కటే పని, నన్ను అనుమానించడం. పాలు పోసే అతనితో మాట్లాడేటప్పుడు నవ్వితే ఎందుకు నవ్వావనేవాడు. నవ్వకపోతే, నేను చూస్తున్నానని నవ్వలేదా అనేవాడు. ఫోనులో మా అమ్మతో మాట్లాడినా, ఇంతసేపు ఎవరితో అని లాక్కుని చూసేవాడు. బీఈడీ చదివినదాన్ని, ఉద్యోగం మానిపించాడు. చెయ్యి చేసుకోవడం అన్నం తిన్నంత మామూలు. జి.కొండూరు దగ్గర మా పుట్టింటికి వెళ్లి చెప్పుకుంటే, మా అన్న నా మాట పూర్తిగా వినకుండానే బావకి ఫోను చేసి, వచ్చి తీసుకెళ్లమన్నాడు.

మా ఆడపడుచు కొడుకు పంచెల ఫంక్షను మా ఇంటి దగ్గరే చేశారు. సామాన్లు ఆపా దుకాణం నుంచి వచ్చాయి. మర్నాడు పాత్రలు తీసుకెళ్లడానికి ఆమే వచ్చింది. నేను గరిటెలు ఒంటిచేత్తో అందిస్తుంటే చూసి, నా రెండో చెయ్యి కొంగు కింద నుంచి మెల్లగా బయటికి తీసింది. మణికట్టు వాచిపోయి ఉంది. ఏమైందని అడిగితే జారిపడ్డానన్నాను.

"ఎక్కడ జారావో చూపించమ్మా. నేనూ అక్కడ చూసుకుని నడుస్తా," అంది ఆపా.

ఆమె గరిటెలు గోనెసంచిలో వేసుకుంటూ, ఎవరూ లేకుండా చూసి, జగ్గయ్యపేట బస్టాండులో దిగి షామియానా ఆపా ఎక్కడంటే ఎవరైనా చెప్తారంది. పగటిపూట రమ్మంది. పగలైతే చీరలు కొనడానికి వచ్చావనుకుంటారట. అంతే, బండెక్కి వెళ్లిపోయింది.

కొన్ని నెలలు వెళ్లలేదు. ఒకరోజు నా భర్త నన్ను దుకాణానికి పిలిచి, వెనక గదిలో మందు డబ్బాల మధ్య పెట్టి తాళం వేసి, భోజనానికి వెళ్లాడు. సాయంత్రం దాకా తియ్యలేదు. ఆ వాసనకు కళ్లు మండి, గొంతు పూడుకుపోయి, తలుపు సందు దగ్గర నేల మీద ముఖం పెట్టుకుని పడుకున్నాను. తాళం తీసినప్పుడు అతను అన్న మాట, "ఇప్పుడు ఎవరు వచ్చారు నీకోసం?" అని. మర్నాడు పొద్దున అతను దుకాణానికి వెళ్లగానే నేను బస్టాండుకి నడిచాను. ఎక్కడికీ అని కండక్టరు అడిగితే నా నోటి నుంచి జగ్గయ్యపేట అని వచ్చింది.

నేను వెళ్లేసరికి ఆపా దబ్బనంతో చిరిగిన గుడారం కుట్టుకుంటోంది. నన్ను గుర్తుపట్టింది గాని ఆశ్చర్యపోలేదు. నేను గుమ్మంలో నిలబడి ఏడవడం మొదలుపెట్టాను. ఆమె లేచి, పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీని వేలి కణుపులతో రెండుచోట్ల కొట్టి, పగుళ్లు లేవని తేల్చుకుని నా వెనక పెట్టింది.

"కూర్చుని ఏడువమ్మా. నిలబడి ఏడిస్తే మోకాళ్లు పట్టేస్తాయి," అంది.

ఆ తర్వాత ఏం జరిగిందని అడగలేదు. గోడౌను లోపలికి తీసుకెళ్లి, పెళ్లివారి విడిది ఇళ్లకు పంపే దిండ్ల గుట్ట చూపించి, నీకు నచ్చింది ఏరుకోమంది. ఉన్నన్నాళ్లూ అది నీదే, ఏ పెళ్లికీ పంపనంది. ఎన్నో ఏళ్ల తర్వాత ఒక వస్తువుని నాకు నచ్చిందని తీసుకున్నాను. నీలం గళ్ల గలేబు ఉన్న దిండు.

ఆ గదిలో ఉన్న నెలల్లో ఆమె అలవాట్లన్నీ నాకు కంఠతా వచ్చాయి. టీ గ్లాసుని రెండు చేతుల మధ్య దొర్లిస్తూ చల్లారబెట్టుకునేది. కోపం వస్తే గొంతు పెంచే బదులు తగ్గించేది. ఎదుటివాళ్లు వినడానికి ముందుకు వంగాల్సి వచ్చేది. అలా వంగినవాడు తిట్టలేడని ఆమె నమ్మకం. సాయంత్రాలు మెట్ల మీద కూర్చోబెట్టుకుని నా తలకు నూనె రాసేది. రాస్తూ బేరాల గురించీ, ఏ ఊళ్లో ఎవరు వంటపాత్రలు మాడ్చి తెచ్చారన్న దాని గురించీ చెప్పేది గాని నా భర్త ఊసెత్తేది కాదు.

ఒకరోజు చిల్లకల్లు నుంచి పెళ్లికొడుకు మేనమామ వచ్చి, ఆపా పంపిన సింహాసనం లాంటి పెళ్లి కుర్చీ కాలు విరిగి పెళ్లికొడుకు పీటల మీదికి వెళ్లకముందే కింద పడ్డాడని, పరువు పోయిందని గొడవ పెట్టుకున్నాడు. ఆపా అంతా విని, గొంతు తగ్గించి, "అబ్బాయి బరువెంతండీ?" అని అడిగింది. ఆయన వంగి, మళ్లీ అడిగించుకుని, నిజంగానే బరువు ఆలోచించడం మొదలుపెట్టాడు. మెట్ల మీద ఉన్న నాకు నవ్వు ఆగలేదు. నా నవ్వు నాకే ఎవరిదోలా వినిపించింది.

ఆ సాయంత్రం నూనె రాస్తూ ఆమె అంది: "ఈ గదికి ఇంతమంది వచ్చారు గాని, నీ అంత తొందరగా నవ్విన మనిషి లేదమ్మా."

ఆ మాటను నేను కొంగున ముడేసుకున్నాను. తర్వాత ఎన్ని చూసినా, ఎంత మంది వచ్చినా, ఆమెకు నేను వేరు అనడానికి నా దగ్గర ఆ మాట ఉంది అనుకునేదాన్ని.

నేను ఉద్యోగంలో చేరాలంటే నా సర్టిఫికెట్లు కావాలి. అవి నందిగామలో బీరువాలో ఉన్నాయి. వకీలు నోటీసు పంపింది, అతను లెక్కచెయ్యలేదు. స్టేషన్‌కి పిలిస్తే, కనిపించడం లేదన్నాడు. అప్పుడు ఆపా తన పద్ధతిలో వెళ్దామంది. ఆ పద్ధతి గురించి నేను విన్నాను గాని చూడలేదు.

ట్రాలీలో కుర్చీలు వేసుకుని, అంతకుముందు ఆ గదిలో ఉండి వెళ్లిన ముగ్గురు ఆడవాళ్లను ఎక్కించుకుని, నన్ను ముందు తన పక్కన కూర్చోబెట్టుకుని నందిగామ బయల్దేరింది. జనం దుకాణాల నుంచి ఇళ్లకు మళ్లే వేళకి మా వీధి చేరాం. నన్ను బండి దిగొద్దంది. తను దిగి, మా ఇంటి ముందు, గేటుకి అడ్డం కాకుండా, రోడ్డు వారన కుర్చీలు వరసగా వేసింది. నలుగురూ కూర్చున్నారు. మిగతా కుర్చీలు ఖాళీగా ఉంచారు. కేకలు లేవు, తిట్లు లేవు. ఆపా బుట్టలోంచి చిక్కుడుకాయలు తీసి ఈనెలు తియ్యడం మొదలుపెట్టింది.

షామియానా ఆపా కుర్చీలు వేసిందంటే వీధిలో ఏదో ఉందని అర్థం. ఎదురింటాయన వచ్చి, ఏంటండీ కార్యక్రమం అని అడిగాడు.

"ఇంకా తెలియదండి. శుభమో అశుభమో ఆ ఇంటి అబ్బాయి చెప్పాలి. మా అమ్మాయి చదువుకున్న కాయితాలు ఇస్తాడని కూర్చున్నాం," అంది ఆపా.

మా అమ్మాయి అన్న మాట బండిలో ఉన్న నాకు వినిపించింది.

ఆయన వెళ్లి ఇంకొకరికి చెప్పాడు. నా భర్త దగ్గర మందులు కొనే రైతులు ఇద్దరు మోటారుసైకిలు ఆపి, విషయం విని, ఒకళ్ల ముఖాలు ఒకళ్లు చూసుకున్నారు. నా భర్త దుకాణం నుంచి వచ్చేసరికి వీధి సగం గుమ్మాల్లో ఉంది. ఎవరు వెయ్యమన్నారు కుర్చీలు, తీసెయ్యమని అరిచాడు. ఆపా చిక్కుడుకాయ మీది నుంచి తలెత్తకుండా ఏదో అంది. అతను వినపడక వంగాడు. అందరి ముందూ ఆమె ఎదురుగా వంగి నిలబడ్డ అతన్ని చూసి, ఇంత చిన్నవాడికా నేను భయపడింది అనుకున్నాను. అతను చరచరా లోపలికి వెళ్లి తలుపేసుకున్నాడు.

కాసేపటికి తలుపు తీసుకుని బయటికొచ్చింది మా అత్త. చేతిలో నా ఫైలు. తెచ్చి ఆపా ఒళ్లో పెట్టి, వెళ్లబోయి, ఆగి, ఖాళీ కుర్చీలో కూర్చుంది. ఎవరూ కూర్చోమనలేదు. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అలా కూర్చునే ఉంది. మా మామగారు బతికున్న రోజుల్లో ఆమెకు ఆ ఇంట్లో ఏం జరిగిందో నాకు కొంత తెలుసు. ఎప్పుడూ నా వైపు ఒక్క మాట అనని మనిషి. ఆపా చిక్కుడుకాయల బుట్ట కింద పెట్టి, ఆమె చేతిని తన చేతిలోకి తీసుకుంది. చాలాసేపు వదల్లేదు.

నా సర్టిఫికెట్లు నాకు దక్కాయి. నేను సంతోషించాల్సిన సాయంత్రం అది. బండిలో కూర్చుని నేను చూస్తున్నది మాత్రం ఆ రెండు చేతుల్నే. ఈవిడకెందుకు, ఈవిడేం చేసిందని, నా మనిషి కదా అని లోపల రగిలిపోయాను. తిరుగుదారిలో ఆపాతో మాట్లాడలేదు. ఆమెకు అర్థమయిందో లేదో, దారంతా చిక్కుడుకాయ కూరలో కొబ్బరి వెయ్యాలా నువ్వులపొడి వెయ్యాలా అని వెనకవాళ్లతో మాట్లాడుతూ నడిపింది.

ఉద్యోగం దొరికాక రెండు వీధుల అవతల చిన్న పోర్షనులోకి మారాను. రోజూ బడి నుంచి వస్తూ ఆపా దగ్గర ఆగేదాన్ని. ఆగలేని రోజు ఫోను చేసేదాన్ని. ఒకసారి ఎంతసేపు చేసినా ఎంగేజి. చివరికి తీసింది. హలో అనకముందే నేను, "ఇంతసేపు ఎవరితో మాట్లాడుతున్నారు?" అన్నాను.

అన్నాక ఆ మాట నాకే వినిపించింది. గొంతు నాదే. మాట మాత్రం నందిగామ ఇంటిది.

"ఆ మాట ఎక్కడ నేర్చుకున్నావో అక్కడే వదిలెయ్యమ్మా," అంది ఆపా. కోపంగా అనలేదు. గొంతు బాగా తగ్గించి అంది.

ఆ మాట మళ్లీ ఎప్పుడూ ఆమెతో అనలేదు. అనుకోవడం మానడం మాత్రం నా వల్ల కాలేదు.

శిరీష వచ్చింది ఆ తర్వాతే. చిల్లకల్లు నుంచి, చంకన ఏడాదిన్నర పాపతో. పెదవి చీలి కుట్లు పడ్డాయి. ఇరవై రెండేళ్ల పిల్ల. నేను ఆదివారం వెళ్లేసరికి మెట్ల మీద నేను కూర్చునే చోట కూర్చుని ఉంది. ఆపా దాని తలకి నూనె రాస్తోంది. పాప ఆపా ఒళ్లో నిద్రపోతోంది. నన్ను చూసి ఆపా, "టీచరమ్మ వచ్చింది," అని శిరీషకు చెప్పింది.

నేను బడిలో చేరినప్పటి నుంచీ నన్ను ఆమె టీచరమ్మ అనే అనేది. శిరీషని మొదటి వారంలోనే "అది" అనడం మొదలుపెట్టింది. అది తిందా, అది పడుకుందా, దానికి జ్వరం తగ్గిందా అని. కన్నవాళ్లు అన్నట్టు. అలా "అది" అనిపించుకోవాలని నాకెంత ఆశగా ఉండేదో ఎవరికి చెప్పుకోను?

ఆ రోజే పై గదిలోకి వెళ్తే, శిరీష మంచం మీద నీలం గళ్ల దిండు కనిపించింది. కిందికొచ్చి, అది నా దిండు కదా అన్నాను. ఆపా నా ముఖంలోకి చూసింది. కావాలంటే తీసుకెళ్లు, అది ఇంకోటి ఏరుకుంటుందిలే అంది. నేను నిజంగానే తీసుకున్నాను. ముప్పై ఐదేళ్ల టీచర్ని, పట్టపగలు దిండు చంకన పెట్టుకుని వీధిలో నడుచుకుంటూ వెళ్తుంటే మా బడి పిల్లలు ఎదురై నమస్తే టీచర్ అన్నారు.

శిరీష గది ఖాళీ చేశాక కూడా దూరం వెళ్లలేదు. గోడౌను పక్కనే ఇల్లు తీసుకుని దుకాణంలో పనికి చేరింది. ఆపా దానికి బండి నేర్పింది. నాకెందుకు నేర్పలేదని నవ్వుతూ అడిగినట్టు అడిగాను. "నీకు బడి ఉందిగా. దానికీ ఏదో ఒకటి ఉండాలిగా," అంది. న్యాయమైన మాటే. న్యాయమైన మాటలు అసూయని తగ్గిస్తాయని ఎవరన్నారు?

ఇక ఆపాకి సొంత కూతురు ఒకతె ఉంది. పర్వీన్. నందిగామలో కాపురం, భర్తకు మోటారుసైకిళ్ల స్పేర్‌పార్టుల కొట్టు. పండక్కి వచ్చేది, వచ్చిన గంటకే వెళ్లిపోయేది. మా ఎవరితోనూ మాట్లాడేది కాదు. పొగరనుకునేదాన్ని. నిజం చెప్పాలంటే ఆమె తొందరగా వెళ్లిపోవడం నాకు బాగానే ఉండేది.

ఆపా పోయిన రోజు నేను ఆటో దిగేసరికి వాకిట్లో ఆమె షామియానాయే వేసి ఉంది. మధ్యాహ్నం భోజనం చేసి, గుండెల్లో మంటగా ఉందని కూర్చుందట. శిరీష అద్దె ఆటోలో ఒళ్లో పడుకోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే అయిపోయింది. లోపల పర్వీన్, వాళ్ల బంధువుల ఆడవాళ్లు స్నానం చేయించారు. మేము బయట నిలబడ్డాం. మగవాళ్లు జనాజా భుజాన ఎత్తుకుని వెళ్లిపోయాక వాకిట్లో ఆడవాళ్లు మిగిలారు. సగం ముఖాలు నాకు తెలియవు. ముక్త్యాల నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చారు. ఒకామె ఆర్టీసీ కండక్టరు యూనిఫాంలోనే వచ్చింది.

నేను శిరీష పక్కన చేరి, చివరికి ఏమన్నా అన్నారా అని అడిగాను. నా పేరేమైనా వచ్చిందా అన్నది నా అసలు ప్రశ్న. శిరీష ముక్కు తుడుచుకుని, "పై గదిలో ఫ్యాను ఆపావా అని అడిగారక్కా," అంది.

అప్పుడు వెనక నుంచి ఆ కండక్టరు ఎవరితోనో అంటున్న మాట చెవిన పడింది. "ఎప్పుడూ అనేవారు. ఇంతమంది వచ్చారు గాని నీ అంత తొందరగా నవ్విన మనిషి లేదమ్మా అని."

ఇంకొకామె తలెత్తి, "మీతో కూడానా?" అంది. మూడో ఆమె ముఖం చూస్తే తెలిసిపోయింది. నేను శిరీష వైపు తిరిగాను. శిరీష నన్నే చూస్తోంది.

అప్పుడు ఏడుపొచ్చింది నాకు. ఆపా పోయినందుకా, ఆ మాట పోయినందుకా అంటే చెప్పలేను. రోజుల తరబడి ఆమె మీద కోపంగా తిరిగాను. ఒకే మాట అందరికీ పంచిందని. ఆ మాట విన్న రోజు నుంచి నేను మళ్లీ నవ్వడం మొదలుపెట్టాననీ, వాళ్లూ అంతేననీ కోపంలో గుర్తు రాలేదు.

నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థనకి పర్వీన్ కబురు చేస్తే బడి నుంచే వెళ్లాను. భోజనాలయ్యి అందరూ వెళ్లాక, గిన్నెలు సర్దుతూ ఇద్దరమే మిగిలాం. దుకాణం శిరీషకు అప్పగిస్తున్నాననీ, పై గది మాత్రం ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకి అద్దెకిస్తున్నాననీ చెప్పింది. నేను నోరు తెరవబోయేసరికి చెయ్యి అడ్డం పెట్టింది.

"మీరేమంటారో తెలుసండీ టీచరుగారూ. నా మాట వినండి. నా మొదటి కాన్పుకి పుట్టింటికి వస్తే పై గదిలో ఎవరో ఉన్నారు. హాల్లో పడుకున్నా. నాకు నొప్పులొచ్చిన పూట అమ్మ కోర్టులో ఉంది, ఎవరి కేసుకో. నా తలకి అమ్మ నూనె రాసి ఎన్నేళ్లయిందో నాకే గుర్తులేదు. వచ్చినప్పుడల్లా మీరు ఆ మెట్ల మీద కూర్చుని కనిపించేవాళ్లు. మీ మీద నాకెంత మంటో మీకు తెలీదు."

ఇన్నేళ్లూ నాది ఎవరో లాక్కున్నారని ఏడ్చుకున్నాను. నేను కూర్చున్న మెట్టు అసలు ఎవరిదో ఒక్కసారీ ఆలోచించలేదు. సిగ్గేసింది. ఆ సిగ్గులోనే, నన్ను చూసి ఆపా కూతురు అసూయ పడిందంటే ఆపాకి నేను కాస్తయినా ముఖ్యమేనన్న సంతోషం కూడా ఒకటి లేచింది. నా మీద నాకే విసుగు పుట్టింది.

మళ్లీ గిన్నెలు సర్దుతుండగా వాకిట్లో గేటు చప్పుడయింది. వెళ్లి చూశాను. ఒకమ్మాయి, పాతికేళ్లుండవు. చేతిలో బట్టల సంచి, ఒక చెవికి కమ్మ లేదు, తమ్మె చినిగి రక్తం ఎండి ఉంది. షామియానా ఆపా ఇల్లు ఇదేనా అని అడిగింది. ఆసుపత్రిలో ఎవరో చెప్పారట. ఆవిడ లేరమ్మా, పోయారు అన్నాను. ఆ అమ్మాయి కాసేపు అర్థంకానట్టు చూసి, తర్వాత నా కళ్లలో నీళ్లు చూసింది.

"మీరు వాళ్లమ్మాయాండీ?" అని అడిగింది.

పర్వీన్ నా వెనక గుమ్మంలో నిలబడి ఉంది. ఆ ప్రశ్న ఎవరైనా అడిగితే బాగుండునని నేను ఎన్నిసార్లు అనుకున్నానో. ఔనంటే ఆ అమ్మాయికి పోయేదేమీ లేదు.

"కాదమ్మా. కూతురు ఈవిడ," అన్నాను. "నేను నీలాగే ఒకరోజు వచ్చినదాన్ని."

ఆ అమ్మాయి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. ఇస్త్రీ చీర, వాచీ, మెడలో బడి ఐడీ కార్డు. చూసి, ఏదో తేల్చుకున్నట్టు సంచి కింద పెట్టింది. పర్వీన్ కదల్లేదు. చివరికి ఆమే మెట్టు దిగి వచ్చి సంచి అందుకుని, ఏ ఊరు మీది అని అడిగింది. ఆ అమ్మాయి జవాబు చెప్పబోయి, చెప్పలేక, పర్వీన్ భుజం మీద తల పెట్టేసింది. పర్వీన్‌కి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒక చేతిలో సంచి అలాగే ఉంది. రెండో చెయ్యి కాసేపు గాలిలో ఉండి, తర్వాత ఆ అమ్మాయి వీపు మీద వాలింది.

నేను పక్కనే ఉన్నాను. ముందు మాట్లాడింది నేను. అయినా తల పెట్టుకున్నది అక్కడ. లోపల భగ్గుమంది. పైకెళ్లి గది తలుపు తీసి, కిటికీలు తెరిచి, పక్క పరిచాను.

ట్రాన్స్‌పోర్టు వాళ్లను ఇంకోచోటు చూసుకోమని పర్వీన్ చెప్పేసింది. ఇప్పుడు శుక్రవారాలు ఆమె వస్తుంది, ఆదివారాలు నేను వెళ్తాను, శిరీష రోజూ ఉంటుంది. వకీలు దగ్గరికి నేను తీసుకెళ్తే, ఆసుపత్రికి శిరీష తీసుకెళ్తుంది. ఆ అమ్మాయి మా ముగ్గురిలో ఎవరితో ఎక్కువసేపు మాట్లాడుతోందో ముగ్గురమూ ఓ కంట గమనిస్తూనే ఉంటాం. ఎవరమూ పైకి అనం.